ఆరోగ్య కేంద్రపు వాకిటి కావలి

ఆరోగ్య కేంద్రమునకు వచ్చిన రోగికి మొట్టమొదట ఎదురగువాడు వాకిట నిలిచిన కావలివాడు. అతనికి మందుల పేర్లు తెలియవు. నాడి చూచుట రాదు. అయినను ఎవరు తక్షణము లోపలికి పోవలెను, ఎవరు బల్లపై కూర్చుండి తమ వంతుకై వేచియుండవచ్చును అను నిర్ణయము పెక్కుమార్లు అతని చూపుతోనే మొదలగుచున్నది. ఈ ఉద్యోగమును గూర్చి ప్రజలు తలచుకొనుట అరుదు. కేంద్రములో కలహము జరిగిననాడు మాత్రమే అందరికిని అతడు జ్ఞప్తికి వచ్చును.

సూరత్ నగరమున తాపీ నదీతీరమున కతర్‌గామ్ అను వాడ కలదు. వజ్రములకు సానపట్టు కార్ఖానాలకు అది పేరు పడినది. సౌరాష్ట్రమునుండి వచ్చిన సానపనివారు అక్కడ వేలకొలదిగ నివసించుచున్నారు. దానిని ఆనుకొనియున్న వేడ్ రోడ్డు ప్రాంతమున ఒడిశాలోని గంజాం జిల్లానుండి మరమగ్గముల పనికై వచ్చినవారు కలరు. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలి కుటుంబములు లింబాయత్, ఊధనా వాడలలో హెచ్చు. ఆ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషు భాషలతోపాటు తెలుగునందును పాఠశాలలను నడపినదన్నచో, ఒక్క వాకిట ఎన్ని భాషలు వినబడునో పాఠకులు ఊహింపగలరు.

ఇట్టిచోట కావలివానికి నాలుగు భాషలలో నాలుగేసి మాటలైనను రావలెను. జ్వరమును గుజరాతీలు తావ్ అందురు. మరాఠీలు తాప్ అందురు. హిందీవారు బుఖార్ అందురు. ఒడియావారి మాట ఇంచుమించు మనదే, జ్వర. ఆసుపత్రి గుజరాతీలో దవాఖానుం. తెలంగాణపు నేతగాని నోట అది దవాఖాన. ఆ ఒక్కమాట విన్నంతనే అతనికి సగము బెదురు తీరును. చీటి వ్రాయించుకొను కిటికీని అక్కడ కేస్ బారీ అందురు. ఆ మాట తెలియని క్రొత్తవాడు ఈ గదినుండి ఆ గదికి గంటసేపు తిరుగును. ఒక పూట కూలి పోగొట్టుకొని వచ్చినవానికి ఆ గంట మిక్కిలి ప్రియమైనది. స్త్రీని బెన్ అనియు, పురుషుని భాయ్ అనియు సంబోధించుట గుజరాతు మర్యాద. "అమ్మా, ఇటు రండు" అని మనవారు పిలుచుట వంటిదే ఇదియు. ఖర్చులేని ఈ మర్యాద కొన్ని వాకిళ్లలో ఏల కరవైనదో తెలియదు.

జాతీయ పట్టణ ఆరోగ్య కార్యక్రమము 2013లో ఆరంభమైనది. దాని ప్రకారము సుమారు 50,000 జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును, అట్టి నాలుగైదింటికి పైన ఒక సముదాయ ఆరోగ్య కేంద్రమును ఉండవలెను. అనగా పెద్ద కేంద్రపు ద్వారము రెండు, రెండున్నర లక్షల జనులకు ద్వారమన్నమాట. ఉదయము తలుపు తెరచుసరికే వరుస వీధిలోనికి సాగియుండుట సహజము.

కాని వరుస అందరికిని కాదు. ఊపిరి అందక ఎగరోజుచున్నవాడు, ఛాతీనొప్పితో చెమటలు క్రమ్మినవాడు, మూర్ఛ వచ్చిన బిడ్డ, రక్తస్రావమగుచున్న గర్భిణి, పాము కరచినవాడు, ఒడలు కాలినవాడు, స్పృహ తప్పినవాడు — వీరిని చీటి లేకయే లోనికి పంపవలెను. నడచివచ్చినవాడు గదా అని ఛాతీనొప్పిగలవానిని నిలిపియుంచుట ప్రమాదకరము. గుండెపోటు వచ్చినవారు తమ కాళ్లపైననే ఆసుపత్రికి వచ్చుట కలదు. "నీకేమియు లేదు, రేపు రమ్ము" అను మాట వైద్యుడు చెప్పవలసినదే గాని వాకిట వినబడరాదు. రెండు వారములకు మించి దగ్గుచున్నవానికి మాస్కు ఇచ్చి, గాలి వీచుచోట వేరుగ కూర్చుండబెట్టి, నర్సుకు తెలియజేయుట కావలివాడు చేయదగిన పనియే. ప్రమాదమున గాయపడినవానిని పోలీసువారు వచ్చువరకు బయట ఉంచుట పూర్వపు దురలవాటు. ముందు ప్రాణము కాపాడవలెనని, పోలీసు లాంఛనములు పిదపవని సుప్రీంకోర్టు పరమానంద్ కటారా దావాలో 1989లోనే తీర్పు చెప్పినది.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు వెలువడినపుడు వేడ్ రోడ్డు ప్రాంతమే మొదట దెబ్బతిన్నది. కొలది దినములలో లక్షలాది జనులు రైళ్లెక్కి, బస్సులెక్కి నగరము విడిచిరి. వైద్యులలో సైతము కొందరు తలుపులు మూసికొనిపోయిరి. ఆసుపత్రిలో చేర్చినవారే లేచిపోవుచుండుటచే ద్వారమువద్ద కాపలా పెట్టవలసివచ్చెను. ఆ రోగము టెట్రాసైక్లిన్ వంటి మందులకు లొంగునది. తొలిదినముననే మందు పడినచో చాలమంది బ్రతుకుదురు. ఆ సంగతిని రోగి తల్లికి ఆమె భాషలో చెప్పువాడు వాకిట ఒక్కడున్నను, ఆ పడక ఖాళీయై యుండెడిది కాదేమో! 2020లో కోవిడ్ వచ్చినపుడు ఈ కావలివారే జ్వరమాపకము చేతబట్టి ద్వారములయందు నిలిచిరి.

కలహములకు మూలము తరచుగ ఒక్కటియే: లోపల ఏమి జరుగుచున్నదో బయటివారికి తెలియకపోవుట. వైద్యులపై దౌర్జన్యము చేయువారికి ఆంధ్రప్రదేశ్ 2008లో ప్రత్యేక శాసనము చేసినది. కలకత్తాలోని ఒక వైద్య కళాశాలలో 2024 ఆగస్టు 9న ఒక యువవైద్యురాలు హత్యకు గురియైన పిమ్మట, విధిలోనున్న వైద్య సిబ్బందిపై దౌర్జన్యము జరిగినచో ఆరుగంటలలో సంస్థాధిపతియే ఫిర్యాదు నమోదు చేయింపవలెనని కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఉత్తర్వు చేసినది. ఇవి జరిగినదానికి శిక్షలు. జరుగకుండుటకు వాకిట చేయదగినది స్వల్పముగ కనబడును: పదిమంది బంధువులలో ఒక్కనిని లోనికి పంపి, అరగంటకొకసారి అతనిచే మిగిలినవారికి కబురు చెప్పించుట, గొంతు పెంచినవానియెదుట తాను గొంతు తగ్గించుట, చేయి దాటుననిపించినపుడు ఒంటరిగ తలపడక తోడు పిలుచుట.

ఈ పనికి శిక్షణ కలదు. ప్రైవేటు భద్రతా సంస్థల 2005 నాటి చట్టమును అనుసరించి ఏర్పడిన నమూనా నియమావళి 100 గంటల తరగతిని, 60 గంటల క్షేత్రాభ్యాసమును విధించినది. ప్రథమచికిత్సయు, అగ్నిప్రమాద నివారణమును అందు చేరినవి. మిగిలిన ప్రమాదచిహ్నములను కేంద్రములోని నర్సు వారమున కొకనాడు అరగంట కూర్చుండబెట్టి నేర్పవచ్చును. దినమెల్ల దగ్గువారి మధ్య నిలుచువానికి మాస్కు, హెపటైటిస్ బి టీకా, నడుము వాల్చుటకొక కుర్చీ ఇచ్చుట కేంద్రము బాధ్యత.

రాత్రి పని వేరు. 108 బండి వచ్చు త్రోవకు అడ్డముగ ఆటోలు నిలువకుండ చూడవలెను. వెనుక ద్వారము తాళపుచెవి ఇంటికి పోయినవాని జేబులో ఉండరాదు. సూరత్‌కు సమీపమునగల భరూచ్‌లో 2021 మే 1వ తేదీ తెల్లవారకముందే ఒక కోవిడ్ ఆసుపత్రిలో నిప్పంటుకొని 18 మంది మరణించిరి. కావలివాడు విధికి వచ్చినంతనే మొదట చేయవలసినది, ప్రతి ద్వారమును స్వయముగ ఒకసారి తెరచి చూచుట.