పక్షి చిత్రానికి దూరమే కొలత

అడవి పక్షిని ఫొటో తీసేవారికి ఎదురయ్యే చిక్కులు పైకి వేర్వేరుగా కనిపిస్తాయి. ఒకసారి కన్ను మసకగా పడుతుంది. ఒకసారి రెక్కల అంచులు చెదిరిపోతాయి. మరోసారి వెనుకనున్న తుమ్మకంప పక్షి తలలోంచే మొలిచినట్టు వస్తుంది. ఖరీదైన లెన్స్ కొంటే ఇవన్నీ తీరిపోతాయని చాలామంది నమ్ముతారు. కానీ దృశాశాస్త్రం ప్రకారం చూస్తే వీటిలో ఎక్కువ భాగం దూరంతో ముడిపడినవే. కెమెరాకు పక్షి ఎంత దూరం, పక్షికి దాని వెనుక దృశ్యం ఎంత దూరం అన్నవే చిత్రం స్పష్టతనూ కూర్పునూ నిర్ణయిస్తాయి.

మొదట ఫోకస్ సంగతి. కొల్లేటి నీటిలో ఈదుతున్న గూడబాతు 10 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 400 మి.మీ. నాభ్యంతరం గల లెన్స్ తగిలించి, అపెర్చర్ ఎఫ్ 5.6 దగ్గర ఉంచితే, చిత్రంలో స్పష్టంగా కనిపించే లోతు సుమారు 21 సెం.మీ. మాత్రమే. అందులో దాదాపు సగం ఫోకస్ చేసిన బిందువుకు ముందు, సగం వెనుక ఉంటుంది. గూడబాతు ముక్కు పొడవేమో సుమారు 30 సెం.మీ. ఉంటుంది. పక్షి మనకు ఎదురుగా తిరిగి ఉన్నప్పుడు కంటిమీద ఫోకస్ చేస్తే ముక్కు కొన మసకబారక తప్పదు. అపెర్చర్‌ను ఎఫ్ 11కు తగ్గిస్తే ఆ లోతు రెట్టింపవుతుంది, కానీ లోపలికి వచ్చే కాంతి నాలుగో వంతుకు పడిపోతుంది. అప్పటికీ ముక్కు కొన పూర్తిగా అందదు. అదే పక్షి పక్కకు తిరిగితే ముక్కు, కన్ను, వీపు, తోక దాదాపు ఒకే తలంలోకి వస్తాయి, చిక్కు దానంతటదే విడిపోతుంది. పక్షి తిరిగేదాకా ఆగే ఓపికే ఇక్కడ అన్నిటికన్నా మంచి ఉపకరణం. తిరగకపోతే కంటిని స్పష్టంగా ఉంచి మిగతాది వదులుకోవాలి. చూసేవారి చూపు ముందుగా వెళ్లేది కంటి దగ్గరికే.

ఎగిరే పక్షి విషయంలో కాలం కూడా లెక్కలోకి వస్తుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో అడ్డంగా ఎగిరే పక్షి, షట్టర్ సెకనులో 250వ వంతు తెరుచుకున్నా 4 సెం.మీ. జరుగుతుంది. 2000వ వంతులో జరిగేది 5 మి.మీ. మాత్రమే. పక్షితోపాటు కెమెరాను సాఫీగా తిప్పితే ఒంటి కదలికను అరికట్టవచ్చు. రెక్కల కొనలు మాత్రం వాటి దారిన అవి కదులుతూనే ఉంటాయి కనుక షట్టర్ వేగం అవసరం తీరదు. 2020 తర్వాత వచ్చిన కొన్ని మిర్రర్‌లెస్ కెమెరాలు పక్షి కంటిని తామే గుర్తించి వెంబడిస్తున్నాయి. ఇది పెద్ద సాయమే. అయినా మధ్యలో ఉన్న గాలిని ఏ కెమెరా తొలగించలేదు.

ఆ గాలి ప్రభావాన్ని పులికాట్ సరస్సులో స్పష్టంగా చూడవచ్చు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సు మీదుగా సాగుతుంది. పొద్దెక్కేకొద్దీ బురదనేల వేడెక్కి, దాని మీది గాలి పొరల సాంద్రత క్షణక్షణం మారుతుంది. సాంద్రతతోపాటు వక్రీభవన గుణకమూ మారడంతో దూరాన ఉన్న రాజహంసల (ఫ్లెమింగోల) కాళ్లు వంకరలు పోతున్నట్టు కనిపిస్తాయి. ఎంత పెద్ద లెన్స్ పెడితే ఆ వణుకు అంత పెద్దదిగా పడుతుంది. తెల్లవారుజామున నేల చల్లగా ఉన్నప్పుడు తీయడం, దూరాన్ని తగ్గించుకోవడం తప్ప దీనికి మార్గం లేదు.

కూర్పులోనూ ఇదే సూత్రం. నిలబడి కిందికి చూస్తూ తీస్తే పక్షి కాళ్లకింది బురదే నేపథ్యమవుతుంది. అది పక్షికి ఆనుకునే ఉంటుంది కనుక గులకరాళ్లూ గడ్డిపోచలూ స్పష్టంగా పడి కంటితో పోటీపడతాయి. కెమెరాను పక్షి కంటి ఎత్తుకు దించితే నేపథ్యం ఎక్కడో ఉన్న అవతలి గట్టవుతుంది. అది మెత్తని రంగుగా కరిగిపోయి పక్షి విడిగా నిలుస్తుంది. పక్షి చూస్తున్న వైపు కాస్త ఎక్కువ చోటు వదిలితే దాని చూపుకూ కదలికకూ అర్థం ఏర్పడుతుంది. తెల్లకొంగ లాంటి పక్షి ముదురు నేపథ్యంలో ఉన్నప్పుడు కెమెరా కాంతిని ఎక్కువగా తీసుకుని ఈకల గీతలను చెరిపేస్తుంది. అక్కడ ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించాలి.

మరి దగ్గరికి ఎంతవరకు వెళ్లవచ్చు? ఆ హద్దును నిర్ణయించేది పక్షే. మేత మాని తలెత్తి మనవైపు చూసిందంటే హద్దు వచ్చినట్టే. అక్కడే ఆగాలి, లేదా నాలుగడుగులు వెనక్కి వేయాలి. నడిచే మనిషికన్నా ఆగి ఉన్న వాహనానికి చాలా పక్షులు తక్కువగా బెదురుతాయి కనుక కారులోంచే తీయడం మేలు. గూళ్ల విషయంలో ఏ మినహాయింపూ లేదు. నేలపట్టు పక్షుల సంరక్షణ కేంద్రంలో కడప చెట్ల మీద గూడు కట్టుకున్న గూడబాతు బెదిరి లేచిపోతే గుడ్లూ పిల్లలూ ఎండకూ కాకులకూ దొరికిపోతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవి పక్షుల గుడ్లను, గూళ్లను కలవరపెట్టడాన్ని కూడా వేట నిర్వచనంలోనే చేర్చింది.

పక్షిని బెదరగొట్టకూడదన్న ఈ నియమం చిత్రానికీ మేలే చేస్తుంది. బెదిరిన పక్షి ఫొటో మన రాకను మాత్రమే నమోదు చేస్తుంది. తల కిందికి వంచి, ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి ఆహారం వడకట్టుకుంటున్న రాజహంస ఫొటో, ఆ జాతి ఎలా బతుకుతుందో చెబుతుంది. అలాంటి చిత్రంలోని స్పష్టతకే శాస్త్రానికి పనికొచ్చే విలువ ఉంటుంది. అందుకే పక్షి ఫొటోగ్రఫీ నేర్చుకోదలచినవారు లెన్సుల పట్టిక కన్నా ముందు, తాము తీయదలచిన ఒక్క పక్షి ఏ వేళ మేస్తుందో, ఎటు తిరుగుతుందో, ఎంత దూరంలో బెదురుతుందో చదవడం మొదలుపెట్టాలి.