దంపతులకొక పూట భోజనము

దసరా సెలవులలో మన రాయచూరు జిల్లా నుండి పెక్కు కుటుంబములు హైదరాబాదునకు పోవుచుండును. 1956 వరకు మనకును రాజధాని అదియే కదా! యాత్రలో సైతము అందరికిని వడ్డించి, చివరకు తాను తినునది ఇల్లాలే. ఆమెకొక రాత్రి ఎవరైనను వడ్డింపవలెనన్నచో మేము ఫలక్‌నుమా సౌధమును సూచింతుము.

1884లో పైగా వంశీయుడు వికారుల్ ఉమ్రా ప్రారంభించిన ఈ భవనము 2010 నుండి హోటలుగా నడుచుచున్నది. 101 మంది కూర్చుండదగిన భోజనపు బల్ల ఇచ్చటిదే, ఇద్దరికి అదేల? 'అదా' అను శాలలో హైదరాబాదీ వంటకములు లభించును. వెల మిక్కిలి హెచ్చు. పన్నులతో ఎంతయగునో ముందే విచారించి, పిల్లల చదువు సొమ్ము ముట్టనక్కర లేనిచో చోటు నిలుపుకొనుడు.

పిల్లలను అవ్వ వద్ద నుంచునపుడు ఎచ్చటికి పోవుచున్నారో దాచకుడు. మేమొకసారి దాచి పోతిమి. మా చిన్నవాని అలుక తీరుటకు మూడు దినములు పట్టినది.