కంటి ‘పువ్వు’కు ప్రయోగశాలలో కొత్త పొర

హైదరాబాద్: కోత కోస్తుండగా వరి ఆకు కంట్లో గీసుకోవడం, నూర్పిళ్లలో గింజ ఎగిరి పడడం, గోడలకు వెల్ల వేస్తుండగా సున్నం చిందడం పల్లెల్లో అందరూ ఎరిగినవే. నలుసే కదా అని పసరు పోసి ఊరుకుంటే పుండు పడుతుంది. పుండు మానినా నల్లగుడ్డుపై తెల్లమచ్చ మిగులుతుంది. దీనినే ‘పువ్వు వేసింది’ అంటారు. శుక్లమైతే ఆపరేషనుతో తీసివేస్తారు. ముదిరిన పువ్వుకు మాత్రం సాధారణంగా మరొకరి కంటిపొర తెచ్చి అతికించవలసిందే.

నల్లగుడ్డుకు ముందు అద్దంలా ఉండే ఈ పొర పేరు కార్నియా. మందం సుమారు అర మిల్లీమీటరు. సున్నం పడి చూపు పోయిన ఒక కూలీకి 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు దీనిని తొలిసారి విజయవంతంగా అతికించారు. ఇది ఇప్పటి చెక్ దేశంలోని ఓలోమోట్స్ పట్టణంలో జరిగింది. అయితే దానంగా వచ్చే కళ్లు అవసరానికి చాలడం లేదు. వచ్చినవాటిలోనూ కొన్ని అతకడానికి పనికిరావు.

అందుకే పొరను ప్రయోగశాలలో పెంచే ప్రయత్నాలు సాగుతున్నాయి. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2001లో ఈ పనికి పూనుకున్నది. రోగి మంచికంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, అందులోని మూలకణాలను కాన్పులో వచ్చే మాయ పొరపై పెంచి, దెబ్బతిన్న కంటికి అతికించారు. 2011లో ప్రకటించిన ఫలితాల ప్రకారం 200 కళ్లలో 142 కళ్లకు పైపొర బాగుపడింది.

అయితే అది పైపొర మాత్రమే. మందంలో 90 శాతం దాకా ఉండే నడిమి పొరతోనే చిక్కు. చదును పళ్లెంలో పెంచితే కణాలు నారుమడిలో మొక్కల్లా ఒకే వరుసగా పరచుకుంటాయి. కంటిలో అవి కొల్లాజెన్ అనే సన్నని దారాల నడుమ వరుస మీద వరుసగా ఉంటాయి. ఆ దారాల పేర్పు క్రమంగా ఉన్నందువల్లనే వెలుగు లోనికి పోతుంది. పళ్లెంలో పెరిగిన నడిమిపొర కణాలు స్వభావం మారి, పుండును పూడ్చే కణాలవుతాయి. పుండు పూడిన చోట మిగిలేది మళ్లీ మచ్చే! అందువల్ల పొడవు, వెడల్పులతోపాటు మందం కూడా ఉన్న మెత్తని జిగురులో కణాలకు చోటు కల్పిస్తున్నారు. ఇదే త్రీడీ పద్ధతి.

బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వారు 2018లో ఇటువంటి పొరను పది నిమిషాలలోపే యంత్రంతో అచ్చువేశారు. 2022లో ఎల్.వి.ప్రసాద్ సంస్థ, హైదరాబాద్ ఐ.ఐ.టి., సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కలసి మరొక అడుగు వేశారు. దానంగా వచ్చిన మనిషి కార్నియాలో కణాలు తొలగించి, మిగిలినదానిని జిగురుగా మార్చి, అందులో మనిషి మూలకణాలు కలిపి అచ్చువేశారు. ఆ పొరను కుందేలు కంటికి అమర్చారు.

ఇది పల్లె రోగికి అందే మామూలు చికిత్స ఇంకా కాలేదు. పైగా ఈ జిగురుకు కూడా ముడిసరుకు దానమిచ్చిన కళ్లే! ప్రాణం పోయిన ఆరు గంటలలోపు వాటిని సేకరించాలి. కళ్లద్దాలు వాడినవారు, శుక్లం ఆపరేషను చేయించుకున్నవారు కూడా నేత్రదానానికి అర్హులే.

ఈలోగా ఉన్న కన్ను కాపాడుకోవడం రైతు చేతిలోనే ఉంది. సున్నం పడితే వెంటనే మంచినీటితో ధారగా చాలాసేపు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. వరి ఆకు తగిలితే పసరు జోలికి పోరాదు.