పడకగది నుంచి కొట్టంలోకి... లీ క్రాస్‌నర్

మీ ఇంట్లో అన్నిటికన్నా వెలుతురు వచ్చే గది ఎవరిదండీ? ఎవరినో ఎందుకు, నన్నే నేను అడుక్కున్నాను. మా ఇంట్లో ఆ గది మావారి ఫైళ్లది. నా కుట్టుమిషను వంటింటి గుమ్మం పక్కన ఉంటుంది. ఇదేమీ ఫిర్యాదు కాదు లెండి, ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. లీ క్రాస్‌నర్ గురించి చదువుతుంటే ఈ సంగతి గుర్తొచ్చింది, అంతే.

లీ క్రాస్‌నర్ అమెరికా చిత్రకారిణి. ఆబ్‌స్ట్రాక్ట్ ఎక్స్‌ప్రెషనిజం అనే పద్ధతిలో బొమ్మలు వేసిన మొదటి తరంలో మనిషి. పేరు చూసి భయపడకండి. చెట్టూ, పిట్టా, మనిషీ అని ఫలానాది వేయకుండా, మనసులో ఉన్నదాన్ని రంగులతో, గీతలతోనే చెప్పే పద్ధతి అది. మా అమ్మాయి మొదటిసారి ఆ బొమ్మలు చూపించినప్పుడు "పిల్లలు గోడ మీద పిచ్చిగీతలు గీసినట్టుంది" అన్నాను. ఇప్పుడు అలా అనను.

1908లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టింది. తల్లిదండ్రులు రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదులు. పెట్టిన పేరు లీనా. అది లెనోర్ అయింది, చివరికి లీ అయింది. ఆర్టు స్కూల్లో చదివే రోజుల్లో, 1930 ప్రాంతంలో, తల్లిదండ్రుల ఇంటి దగ్గర చెట్టుకి అద్దం మేకు కొట్టి తగిలించి, ఎండలో నిలబడి తన బొమ్మ తనే వేసుకుంది. పట్టుకెళ్లి చూపిస్తే, అది ఆరుబయట వేసిందంటే పరీక్షించేవాళ్లు నమ్మలేదట! తర్వాత హాన్స్ హాఫ్‌మన్ అనే పేరున్న గురువు దగ్గర చేరింది. ఆయన ఆమె పని చూసి, ఆడది వేసిందంటే తెలియనంత బాగుందన్నాడు. మెచ్చుకున్నట్టా, తిట్టినట్టా? మనలో చాలామందికి ఇలాంటి మెప్పులు అలవాటే కదండీ.

అది గడ్డుకాలం. ఖర్చులకి ఆమె హోటల్లో వడ్డన పని కూడా చేసింది. 1935 నుంచి 1943 దాకా ప్రభుత్వం చిత్రకారులకి కల్పించిన పనిలో జీతానికి బొమ్మలు వేసింది.

1942లో ఒక ప్రదర్శనలో ఆమె బొమ్మ పెట్టారు. అందులో పాల్గొంటున్న అమెరికా చిత్రకారుల్లో తనకి తెలియని పేరు ఒకటే కనిపించింది, జాక్సన్ పొల్లాక్. ఎవరీయన అని వెతుక్కుంటూ అతని గదికి వెళ్లింది. 1945లో పెళ్లి చేసుకున్నారు. పెగ్గీ గుగ్గెన్‌హైమ్ అనే సంపన్నురాలు అప్పిస్తే, లాంగ్ ఐలండ్‌లో స్ప్రింగ్స్ అనే పల్లెలో ఇల్లు కొనుక్కున్నారు. మొదట్లో లోపల బాత్‌రూమ్ కూడా లేదు. చలికాలం సంగతి ఇక చెప్పాలా!

ఇంటి వెనకాల పెద్ద కొట్టం ఒకటి ఉంది. 1946లో దాన్ని బాగుచేయించుకుని పొల్లాక్ అందులో చేరాడు. ఆమెకి మేడమీది చిన్న పడకగది మిగిలింది. అతను కొట్టం నేల మీద గుడ్డ పరిచి, వంగి, చుట్టూ తిరుగుతూ రంగు ధారలు ఒలికించి ఇంతింత బొమ్మలు వేసేవాడు. మనం వాకిట్లో ముగ్గు పోసే తీరు గుర్తొచ్చింది నాకు. ఆమె పడకగదిలో పట్టినంత బొమ్మలే వేసింది. చిన్న చిన్న గళ్లు, వాటి నిండా అక్షరాల్లాంటి గుర్తులు. చిన్నప్పుడు నేర్చుకున్న హీబ్రూ రాతలాగా కుడి నుంచి ఎడమకి వేసుకుంటూ పోయేదట. 'లిటిల్ ఇమేజ్' అంటారు వాటిని. ఆ గదిలో ఇంతకన్నా పెద్దవి ఎలా వేస్తుంది చెప్పండి.

1947లో పాత బండిచక్రం ఇనుపపట్టీ తీసుకుని, అందులో పగిలిన గాజుముక్కలు, తాళంచెవులు, నాణేలు, గులకరాళ్లు, గిల్టు నగల ముక్కలు పొదిగి బల్ల తయారుచేసింది. మనం పారేయలేక డబ్బాలో దాచే సరుకంతా అందులో ఉంది! ఇది మాత్రం నాకు వెంటనే నచ్చేసింది.

1949లో 'లైఫ్' పత్రికలో వ్యాసం వచ్చి పొల్లాక్ పేరు దేశమంతా మోగింది. గ్యాలరీల వాళ్లతో మాట్లాడటం, అతని పని పదిమంది దృష్టికీ తేవటం, తాగుడు మానిపించాలని తంటాలు పడటం, అన్నీ ఆమెవే. పొల్లాక్ ఆపిల్ పై బాగా చేసేవాడట, అదీ చెప్పాలి. రెండేళ్లు మానేసిన తాగుడు 1950లో మళ్లీ పట్టుకుంది.

1951లో ఆమె సొంత ప్రదర్శన పెట్టింది. ఒక్క బొమ్మా అమ్ముడుపోలేదు. తర్వాత ఒకరోజు, గది గోడల నిండా తగిలించిన తన గీతల బొమ్మలు చూసి అసహ్యం పుట్టి, అన్నీ పరపరా చింపి నేలకేసి తలుపేసుకుని వెళ్లిపోయింది. కొన్ని వారాలకి తలుపు తీసి చూస్తే ఆ ముక్కల్లోనే ఏదో కనిపించింది. అమ్ముడుపోని 1951 నాటి బొమ్మలనే అడుగున పెట్టి, వాటి మీద ముక్కలు అతికించి కొత్తవి చేసింది. పొల్లాక్ పారేసిన ముక్కలు కూడా వాడుకుంది. పాత చీరలతో బొంత కుట్టినవాళ్లకి ఆ పని విడమరిచి చెప్పనక్కర్లేదు. 1955లో వాటిని ప్రదర్శిస్తే పేరొచ్చింది.

ఇంట్లో మాత్రం పరిస్థితి చెడింది. అతనికి మరో అమ్మాయితో సంబంధం. 1956 వేసవిలో లీ ఒంటరిగా యూరప్ వెళ్లింది. ఆగస్టు 11న పొల్లాక్ తాగి కారు నడుపుతూ చెట్టుకి గుద్దుకుని చనిపోయాడు. కార్లో ఉన్న ఒక అమ్మాయి కూడా పోయింది. ఆ కబురు లీకి పారిస్‌లో అందింది.

1957లో ఆమె కొట్టంలోకి మారింది. ఎంత కష్టంగా ఉండి ఉంటుందో! నేల మీద ఇంకా అతని రంగులు ఉన్నాయి, పైన చెక్కలు పరిచి ఉన్నాయి, అంతే. కానీ వెలుతురున్న పెద్ద చోటు అదొక్కటే. అక్కడే 'ది సీజన్స్' వేసింది. దాని వెడల్పు దాదాపు 17 అడుగులు! పండూ, ఆకూ, మొగ్గా విరగబడి కాసినట్టుంటుంది, గులాబీరంగు, పచ్చరంగు. భర్త పోయిన ఏడాదికి ఇంత పచ్చటి బొమ్మా అని కొందరికి అనిపించవచ్చు. మనిషి దుఃఖం ఇలాగే ఉండాలని కొలత పెట్టడానికి మనమెవరం?

1959లో తల్లి పోయింది. నిద్ర పట్టేది కాదు, రాత్రిళ్లు లేచి పనిచేసేది. దీపం వెలుతురులో రంగులు సరిగా తెలియవని గోధుమరంగు, తెలుపు మాత్రమే వాడి పెద్ద పెద్ద బొమ్మలు వేసింది. 1962లో మెదడులో రక్తనాళం చిట్లి చావు దాకా వెళ్లొచ్చింది. మరుసటి ఏడాది పడి కుడిచెయ్యి విరగ్గొట్టుకుంది. ఊరుకుందా? ట్యూబులోంచి రంగు పిండుకుంటూ ఎడమచేత్తో వేసింది.

ఇన్నేళ్లూ ఆమె 'పొల్లాక్ భార్య'. 1965లో లండన్‌లో, 1973లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఆమె బొమ్మలతో ప్రదర్శనలు జరిగాక లోకం తీరు కొంచెం మారింది. 1984 జూన్‌లో కన్నుమూసింది. జీవితకాలపు పనితో పెట్టిన పెద్ద ప్రదర్శన న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంకి వచ్చేసరికి ఆమె లేదు. తన ఆస్తితో, అవసరంలో ఉన్న చిత్రకారులకి సాయంచేసే ఫౌండేషన్ ఏర్పాటయ్యేలా వీలునామా రాసింది. 1960లో వేసిన బొమ్మ ఒకటి 2019లో కోటీ పదహారు లక్షల డాలర్లకి పైగా పలికింది. ఇదీ పొల్లాక్ కొట్టంలో వేసిందే.

స్ప్రింగ్స్‌లోని ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. కొట్టంలోకి వెళ్లేవాళ్లకి మెత్తటి చెప్పులిస్తారట, నేల మీద పొల్లాక్ ఒలికించిన రంగులు చెడకుండా. అందరూ వంగి వంగి ఆ నేలే చూస్తారు. ఎప్పుడైనా మీ పిల్లలు అమెరికా తీసుకెళితే, నేల చూశాక తలెత్తి గోడలు కూడా చూడండి. అక్కడి రంగు మరకలు లీవి.