మీకు తెలుసా? కోటగోడలపై అంగడివీథి

ఉత్తర ఇటలీలో, ఆల్ప్స్ పర్వతముల నడుమ నున్న ఆవోస్తా లోయయందలి ఇస్సోన్యె కోటలో, ప్రభువుల ప్రాంగణమును ఆనుకొనియున్న మంటపపు గోడలపై, యుద్ధదృశ్యములకు మారుగా మాంసపుటంగడి, రొట్టెల బట్టీ, దర్జీకొట్టు, మందుల దుకాణము, పండ్లు కూరగాయల సంత చిత్రింపబడి యున్నవి!

క్రీ.శ. 1500 ప్రాంతమున ఈ భవనమునకు నేటి రూపము నొసగిన జార్జ్ ద షాలాన్ ప్రభువంశీయుడు, ఆవోస్తా పట్టణమందలి సాంత్ ఓర్సో మఠాధిపతి. అట్టివాడు తన యింట సామాన్యుల నిత్యవ్యాపారమునకు ఇంతటి గౌరవస్థాన మిచ్చుట మిక్కిలి ప్రశంసనీయము. కావలివారి గదిని చూపు చిత్రములో సైతము ఆయుధములు గోడకు వ్రేలాడుచుండ, భటులు బల్లచుట్టు కూర్చుండి ఆటలో మునిగియుందురు.

ప్రాంగణమధ్యమున ఇనుముతో మలచిన దానిమ్మచెట్టు కలదు. దాని కొమ్మలనుండి నీరు ఎనిమిది పలకల రాతితొట్టిలోనికి జాలువారును. పండ్లు దానిమ్మవే కాని, ఆకులు ఓక్ వృక్షమువి.

శతాబ్దములుగా అచ్చట వసించినవారును, అతిథులై వచ్చిపోయినవారును గోడలపై గీకిన వ్రాతలు నేటికిని చెదరక యున్నవి. చరిత్రకారునకు అవియు వర్ణచిత్రములంత విలువైనవే.

1872లో ఈ కోటను కొని, శ్రద్ధతో పునరుద్ధరించిన తూరిన్ నగరపు చిత్రకారుడు విత్తోరియో అవోందో, 1907లో దీనిని ప్రభుత్వమునకు దానము చేసెను.