సర్పంచి పోయె... కార్పొరేటరు రాకపోయె!

ఊరు పెరిగితే ఎవరికి సంతోషం ఉండదు చెప్పండి? కానీ రెండు కాపురాలు ఒక కప్పు కిందికి వస్తే మొదటి మాట పట్టింపు నీళ్ళ దగ్గరా, ఖర్చు దగ్గరా వస్తుంది. పట్నంలో పల్లె కలిసినా అంతే.

మన శ్రీకాకుళం సంగతే చూడండి. 2015లో శ్రీకాకుళానికీ, విజయనగరానికీ నగరపాలక సంస్థ హోదా ఇచ్చారు. శ్రీకాకుళంలో పాత్రునివలస, చాపురం, కుశాలపురం, తోటపాలెం లాంటి చుట్టుపక్కల పంచాయతీలను కలపాలన్నారు. తగవు కోర్టుకెక్కింది.

పట్నం ఇల్లాలిని అడగండి. "ఇంటిపన్ను, కుళాయిపన్ను మేం కడుతున్నాం. రోడ్లూ, బజారూ, ఆసుపత్రీ అందరూ వాడుకుంటున్నారు. ఉన్న నీళ్ళు మాకే చాలవు, ఇంకా పంచితే ఎలా?" అంటుంది. శివారు ఇల్లాలిని అడిగితే, "మా పాలూ, కూరగాయలూ, మా కూలి చేతులూ లేకపోతే మీ పట్నంలో పొయ్యి వెలుగుతుందా? పన్ను ముందొచ్చి కాలువ తర్వాతొస్తే మాకేం లాభం?" అంటుంది. పైగా గ్రామీణ ఉపాధి పని పల్లెలకే గాని పట్నాలకు లేదు. పేరు పట్నమైతే ఆ కూలి డబ్బులూ పోతాయి.

ఇద్దరి మాటా నిజమే. అయితే ఇద్దరూ కలిసి పోగొట్టుకున్నది ఇంకోటుంది. శ్రీకాకుళంలో పాత కౌన్సిలు గడువు 2010లో తీరిపోయింది. తర్వాత ప్రత్యేకాధికారుల పాలనే. 2021 మార్చిలో విజయనగరం ఓటేసి కార్పొరేటర్లను తెచ్చుకుంది, మేయరు కుర్చీలో ఆడపడుచును కూర్చోబెట్టుకుంది. శ్రీకాకుళంలో అప్పుడూ ఓట్లు జరగలేదు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్ళవి. అంటే ఓట్లు ఆగిన ప్రతి ఏడాదీ మన సగమూ ఆగినట్టే కదా! అధికారి మంచివాడే కావచ్చు, కానీ బదిలీ అయి వెళ్ళిపోతాడు. వీధి మనిషైతే రేపు కూడా అదే వీధిలో నడవాలి.

అందుకే వదినా, కుళాయి దగ్గర మనలో మనం తగువు పడితే లాభం లేదు. పట్నం వాళ్ళూ, శివారు వాళ్ళూ పదిమంది కలిసి ఒక్క అర్జీ రాయండి. ఏ వీధిలో నీళ్ళు ఎన్నాళ్ళకొకసారి వస్తున్నాయో, చెత్తబండి ఎప్పుడొచ్చిందో తేదీలతో వేయండి. పన్ను రసీదులు జతచేసి సోమవారం కలెక్టరు గారి గ్రీవెన్సులో ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. ఆఖరి వాక్యంగా మాత్రం "మాకు ఓట్లు పెట్టండి" అని రాయడం మరవకండి.