గంట సైఫన్ మొరాయిస్తే ఏం చేయాలి?



కృష్ణా డెల్టా అనగానే ఎవరికైనా గుర్తొచ్చేవి కాలువలు, వరి పొలాలు, కైకలూరు వైపు చేపల చెరువులు. అయితే మన హాస్టల్లో చదివిన చాలామంది ఇళ్ళకు పొలమూ లేదు, చెరువూ లేదు. ఆ పొలాల్లో నాట్లు వేసిందీ, ఆ చెరువుల్లో వలలు లాగిందీ మాత్రం మన అమ్మానాన్నలే. అలాంటి ఇళ్ళలో వాకిలి పక్కనున్న కొద్ది చోటులోనే చేపలనూ కూరగాయలనూ కలిపి పెంచుకునే పద్ధతి ఒకటుంది. దాన్నే ఆక్వాపోనిక్స్ అంటారు.

ఈ పద్ధతి గురించి గొప్పగా చెప్పేవారు చాలామంది ఉన్నారు. చెడిపోతే ఏం చేయాలో చెప్పేవారు తక్కువ. మన ఇళ్ళలో ఒక ప్రయోగం చెడితే రెండో ప్రయోగానికి డబ్బులుండవు. "మనకు అచ్చిరాలేదు" అని డ్రమ్ములు తీసి మూలన పడేస్తారు. అందుకే మేము ఈ వ్యాసంలో మరమ్మతు గురించే ఎక్కువ రాస్తున్నాం.

అసలు ఏం జరుగుతుంది?

కింద చేపల తొట్టి ఉంటుంది. పైన కంకర నింపిన మొక్కల తొట్టి ఉంటుంది. చిన్న పంపు చేపల నీటిని పైకి పంపుతుంది. చేపల విసర్జన వల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. అది చేపలకు విషం. కంకరకు అంటుకుని బతికే సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రేట్ మొక్కలకు ఎరువు. తోటకూర, పాలకూర, గోంగూర దాన్ని పీల్చుకున్నాక శుభ్రపడిన నీరు మళ్ళీ చేపల దగ్గరికి వస్తుంది.

వేర్లకూ సూక్ష్మజీవులకూ నీరు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. కాబట్టి పై తొట్టి నిండాలి, ఖాళీ కావాలి, మళ్ళీ నిండాలి. కరెంటు, స్విచ్ అవసరం లేకుండా ఆ ఖాళీ చేసే పని చూసేదే గంట సైఫన్.

సైఫన్ రహస్యం

మోటారు సైకిల్ ట్యాంకులోంచి గొట్టంతో పెట్రోలు తీయడం మీరు చూసే ఉంటారు. ఒకసారి గొట్టం నిండితే చాలు, తర్వాత అదే ధారగా వస్తుంది. మన దేశంలో వసుదేవుడి గిన్నె అనే పాత బొమ్మ ఉంది. నీరు పెరిగి పెరిగి బాలకృష్ణుడి పాదాన్ని తాకగానే గిన్నె మొత్తం ఖాళీ అయిపోతుంది. అందులోనూ సైఫనే దాగి ఉంది.

ఇదే సూత్రంతో ప్రాజెక్టే కట్టారు. వనపర్తి జిల్లాలో 1959లో పూర్తయిన సరళాసాగర్‌లో నీరు నిండు మట్టానికి రాగానే ఎవరూ గేట్లు ఎత్తకుండానే సైఫన్లు పనిచేయడం మొదలుపెడతాయి. 2019 డిసెంబరు 31న ఆ ప్రాజెక్టు మట్టికట్టకు గండి పడింది. సైఫన్ తనంతట తాను పనిచేసినా, చుట్టూ ఉన్నదాన్ని మనిషి కనిపెట్టుకుని ఉండాల్సిందే.

మన తొట్టిలో సైఫన్‌కు మూడు గొట్టాలు. మధ్యలో ముప్పావు అంగుళం నిలువు గొట్టం. దాని పై అంచు కంకర మట్టం కంటే రెండంగుళాలు కిందికి ఉండాలి. దానిమీద గంటలా బోర్లించిన, పైన మూత బిగించిన రెండంగుళాల గొట్టం. దాని అడుగు అంచున గాట్లు ఉంటాయి. కంకర లోపలికి పడకుండా వీటి చుట్టూ రంధ్రాలున్న నాలుగంగుళాల గొట్టం.

నీరు నిలువు గొట్టం అంచు దాటి లోపలికి పడేటప్పుడు గంటలోని గాలిని తనతో లాక్కుపోతుంది. గంటలో పీడనం తగ్గి నీరు మరింత పైకి లేస్తుంది. గొట్టం పూర్తిగా నిండగానే సైఫన్ మొదలవుతుంది. నీరు అడుగు గాట్ల దాకా తగ్గాక లోపలికి గాలి చొరబడి ధార తెగుతుంది.

జబ్బులు, మందులు

1. సైఫన్ మొదలుకాదు. తొట్టి నిండినా నీరు సన్నగా కారుతూనే ఉంటుంది. ముందు పంపు నీటిని కొలవండి. అయిదు లీటర్ల డబ్బా ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. నీలం డ్రమ్మును నిలువుగా కోసిన సగం తొట్టికి నిమిషానికి అయిదు లీటర్ల దగ్గర మొదలుపెట్టి చూడవచ్చు. తక్కువైతే పంపు జాలీ కడగండి. నీరు సరిపోయినా మొదలుకాకపోతే గంట మూత దగ్గర గాలి కారుతుందేమో చూసి సీలు వేయండి. అప్పటికీ కాకపోతే నిలువు గొట్టం పైన గరాటులా రెడ్యూసర్, కింద కొసన ఎల్బో బిగించండి. ఎల్బో నీటిని కాస్త ఆపుతుంది కాబట్టి గొట్టం తొందరగా నిండుతుంది.

2. సైఫన్ ఆగదు. తొట్టి అడుగున కొద్దిపాటి నీరే ఉంటుంది, మళ్ళీ నిండదు. వచ్చే నీరు, పోయే నీరు సమానమైపోయాయన్నమాట. వాల్వుతో పంపు నీటిని కొద్దిగా తగ్గించండి. చాలకపోతే గంట అడుగు గాట్లను హ్యాక్సా బ్లేడుతో కాస్త పెద్దవి చేయండి. గాలి ఒక్కసారిగా వెళితేనే ధార తెగుతుంది.

3. ఖాళీ కావడానికి చాలాసేపు పడుతుంది. వేర్లు, బురద అడ్డుపడి ఉంటాయి. గంటను పైకి తీసి కడగండి. బయటి గొట్టం ఉండేది అందుకే, కంకర కదలకుండానే పని అయిపోతుంది.

4. నిన్న పనిచేసింది, ఈరోజు చేయదు. ఏం మారిందో ఆలోచించండి. చేపల తొట్టిలో నీరు తగ్గిందా? తొట్టి ఒక పక్కకు ఒరిగిందా? ఒక్కోసారి ఒక్కటే మార్చి, మూడు నాలుగు విడతలు గమనించి, నోటు పుస్తకంలో రాసుకోండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏ మందుకు జబ్బు తగ్గిందో తెలియదు.

ఆలోగా చేపలు జాగ్రత్త

సైఫన్ ఆగకపోతే పై కంకర ఎండి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, కింద అమ్మోనియా పెరుగుతుంది. అది సరయ్యేదాకా మేత తగ్గించండి. గొట్టాలు మూసుకుపోతే ఇంకా ప్రమాదం. నీరు పై తొట్టి అంచు మీదుగా పొర్లిపోయి చేపల తొట్టి ఖాళీ అవుతుంది. అందుకే పంపును తొట్టి అడుగున కాకుండా సగం ఎత్తులో వేలాడదీయండి. ఏం జరిగినా సగం నీరు మిగులుతుంది.

తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే ప్రాణవాయువు చాలడం లేదని చెరువుల మీద పనిచేసిన మీ నాన్నగారికి తెలుసు. ఆయన్ని అడగండి. కరెంటు పోయినప్పుడు చెంబుతో నీరు ముంచి ఎత్తునుంచి పోస్తూ ఉండండి.

మరో రెండు మాటలు. పురుగుమందుల డ్రమ్ములు ఎంత కడిగినా వాడకండి. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీరు ఉప్పగా ఉంటే మొక్కలు తట్టుకోవు. వాన నీరు పట్టుకోవడం మేలు.

తమ్ముళ్ళూ! ఒక పరికరం ఆగిపోతే అది మన తలరాత కాదు. ఎక్కడో గాలి కారుతోంది, ఎక్కడో బురద అడ్డుపడింది. "ఎందుకు" అని అడగడమే చదువు. పరీక్షలో రెండు మార్కుల కోసం నేర్చుకున్న వాతావరణ పీడనం మన వాకిట్లో నాలుగు చేపలను బతికిస్తే, అమ్మానాన్నలు పడ్డ కష్టానికి ఆ రోజు ఇంట్లో అందరికీ కనపడే జవాబు దొరికినట్టే. మీ ప్రయోగాలను వచ్చే సంచికకు రాయండి. చెడినవాటి గురించి ముందుగా రాయండి.